ఆట ఆగినా నిలిచే సంపాదన: మా మేనల్లుడికి ప్లాటు ఇస్తామంటున్నారు, ఒప్పుకోమనాలా?

మధురవాడ మేనమామ
శనివారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అక్క కొడుకుకు ఇరవై ఏళ్లు. ఎడమచేతి బ్యాట్స్‌మన్. నిరుడు ఆంధ్ర అండర్-23 జట్టుకు ఎంపికై సి.కె. నాయుడు ట్రోఫీలో మూడు మ్యాచ్‌లు ఆడాడు. బోర్డు లెక్క ప్రకారం తుది జట్టులో ఉంటే రోజుకు 25 వేల రూపాయలు, అంటే నాలుగు రోజుల మ్యాచ్‌కు లక్ష. మా ఇంట్లో ఆ వయసుకు అంత డబ్బు చూసినవాళ్లు లేరు.

పోయిన వారం ఒక రియల్ ఎస్టేట్ సంస్థ వాళ్లు ఇంటికి వచ్చారు. తగరపువలస దాటాక లేఅవుట్ వేశారట. హోర్డింగుల మీద, కరపత్రాల్లో, వీడియోల్లో మా వాడి ఫొటో మూడేళ్లు వాడుకుంటారు. డబ్బు ఇవ్వరు, దానికి బదులు 150 గజాల ప్లాటు ఇస్తారు. విలువ 18 లక్షలని చెప్పారు. భోగాపురం విమానాశ్రయం పుణ్యమా అని నాలుగేళ్లలో రెట్టింపు అవుతుందన్నారు. అక్క ఆ రోజంతా నేల మీద నిలవలేదు. సొంత స్థలం లేని ఇల్లు మాది, ఆమె ఆనందం నాకు అర్థమవుతుంది. బావగారు మాత్రం కాగితం నా చేతిలో పెట్టి ‘నువ్వు చదివి చెప్పు’ అన్నారు.

చదివాను. ఎక్కడో తేడా కొడుతోంది, ఎక్కడో పట్టుకోలేకపోతున్నాను. పాతతరం ఆటగాళ్లు జీతానికి బయట ఎలా నిలదొక్కుకున్నారు? ఇప్పటివాళ్లు ఎలా సంపాదిస్తున్నారు? అందులో మా వాడిలాంటి వాడికి అక్కరకొచ్చేది ఏది? తెలిసినవాళ్లు చెప్పండి.

పోర్టు ఆఫ్‌స్పిన్నర్
శనివారం రాత్రి 10:15

బాబూ, నాకు అరవై ఎనిమిదేళ్లు. ఆటగాళ్ల కోటాలో పోర్టులో చేరి అక్కడే రిటైరయ్యాను. మా కాలంలో ‘జీతానికి బయట సంపాదన’ అనే ఆలోచనే లేదు. ఆట వల్ల జీతం వచ్చేది, అదే పదివేలు. పోర్టు, రైల్వే, బ్యాంకులు, తర్వాత స్టీల్‌ప్లాంటు, ఇవే మా స్పాన్సర్లు. పొద్దున్న ప్రాక్టీసు, మధ్యాహ్నం నుంచి ఆఫీసు. క్వార్టరు, పీఎఫ్, పిల్లలకు ఆస్పత్రి, రిటైరయ్యాక పింఛను. నా బౌలింగు ముప్పై ఆరో ఏట ఆగిపోయింది. జీతం ఆ తర్వాత ఇరవై నాలుగేళ్లు వచ్చింది. మా ఇల్లు, అమ్మాయి చదువు, పెళ్లి అన్నీ ఆ ఇరవై నాలుగేళ్లలోనివే.

1988 డిసెంబరులో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్‌తో వన్డే జరిగింది. మన ఊళ్లో అదే మొదటి అంతర్జాతీయ వన్డే. శ్రీకాంత్ బంతితో ఐదు వికెట్లు తీసి, బ్యాటుతో 70 పరుగులు చేశాడు. ఆ రోజు నేను సరిహద్దు తాడు దగ్గర వాలంటీరుగా ఉన్నాను. అప్పటి టెస్టు ఆటగాళ్లలో కూడా బ్యాంకుల్లో, కంపెనీల్లో ఉద్యోగాలున్నవాళ్లు ఎందరో. 1983లో ప్రపంచకప్పు గెలిచి వచ్చినవాళ్లకు బహుమానం ఇవ్వడానికి బోర్డు దగ్గర సొమ్ము లేక, ఢిల్లీలో లతా మంగేష్కర్ కచేరీ పెట్టి, వచ్చిన డబ్బులో తలా లక్ష ఇచ్చారు. ఇప్పుడు మీ మేనల్లుడు ఒక్క మ్యాచ్‌కు తీసుకునేది ఆ లక్షే. రూపాయి విలువ మారిందనుకోండి, అయినా ఆ పోలిక నన్ను కదిలిస్తుంది.

నా సలహా ఒకటే. ముందు ఉద్యోగం చూడండి.

పాత స్కోరుపుస్తకం
శనివారం రాత్రి 11:02

పోర్టు గారు చెప్పిన ఉద్యోగాల కాలానికి ముందు కూడా ఒక కాలం ఉంది. అది రాజాస్థానాల కాలం. మీ వాడు ఆడిన ట్రోఫీ పేరులోనే ఉంది. సి.కె. నాయుడు నాగ్‌పూర్‌లో పుట్టినా మూలాలు మచిలీపట్నానివి. 1932లో భారత తొలి టెస్టుకు కెప్టెన్. ఆయనకు అన్నం పెట్టింది క్రికెట్ బోర్డు కాదు, ఇండోర్ హోల్కర్ మహారాజు. సైన్యంలో హోదా ఇచ్చి పోషించారు, అందుకే కర్నల్ సి.కె. నాయుడు. 1941లో ఒక లివర్ టానిక్ ప్రకటనకు తన పేరు ఇచ్చారు. మన దేశంలో సరుకు అమ్మిపెట్టిన మొదటి క్రికెటర్ ఆయనే అంటారు.

ఆయనకంటే ముందే మన ఉత్తరాంధ్ర బిడ్డ ఒకాయన బలాన్నే వ్యాపారం చేసి చూపించారు. కోడి రామ్మూర్తి నాయుడు. ఊరు వీరఘట్టం. విజయనగరంలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఆ జీతంతో ఆగిపోకుండా సొంత సర్కస్ పెట్టారు. గొలుసులు తెంచడం, ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకోవడం ఊరూరా టిక్కెట్టు పెట్టి ప్రదర్శించారు. బీచ్‌రోడ్డులో ఆయన విగ్రహం ముందు నుంచి మనం రోజూ వెళతాం. ప్రదర్శన ఆయనది, డేరా ఆయనది, టిక్కెట్ల డబ్బాలో పడిన సొమ్మూ ఆయనదే. ఆటగాడే యజమాని కావడం కొత్తగా అమెరికా నుంచి వచ్చిందేమీ కాదు.

మరొకటి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండ్‌లో డెనిస్ కాంప్టన్ అని, క్రికెట్టూ ఫుట్‌బాలూ రెండూ ఆడిన ఆటగాడు. ఆయన దగ్గర సూట్‌కేసు నిండా విప్పని ఉత్తరాలు ఉండేవి. బాగెనల్ హార్వే అనే ఆయన ఆ ఉత్తరాలు తీసుకెళ్లి ఒక్కొక్కటీ విప్పాడు. ఒక దాంట్లో వారపత్రికలో రాస్తే రెండేళ్లపాటు ఏటా 2,000 పౌండ్లు ఇస్తామని ఉంది. ఇంకో ఉత్తరం అదే పత్రిక నుంచి వచ్చింది. మీరు బదులివ్వలేదు కాబట్టి మా ప్రతిపాదన వెనక్కి తీసుకుంటున్నామని. రెండూ ఒకే పెట్టెలో, రెండూ విప్పకుండానే! ఆ తర్వాత హార్వే ఆయన వ్యవహారాలు చూసుకున్నాడు, బ్రిల్‌క్రీమ్ అనే తలకు రాసుకునే క్రీము ప్రకటనలతో కాంప్టన్ ముఖం ఇంటింటికీ తెలిసింది. మన క్రికెటర్ ఫరూఖ్ ఇంజనీర్‌ను కూడా తర్వాత బ్రిల్‌క్రీమ్ వాళ్లే పెట్టుకున్నారు. అప్పటి ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ ఆటగాడికి జీతం మీద గరిష్ఠ పరిమితి ఉండేది. 1961లో ఎత్తేసే నాటికి అది వారానికి 20 పౌండ్లు. బయటి సంపాదన విలాసం కోసం కాదు, ఇల్లు గడవడం కోసమే.

మేనమామ గారూ, ఆ ఉత్తరం విప్పి చదివే మనిషి మీ వాడికి మీరే.

ఎర్రమట్టి దిబ్బలు
ఆదివారం ఉదయం 7:20

పెద్దల మాటలు బాగున్నాయి. కానీ 2026లో ఉండి ఉద్యోగం, పింఛను అనడం దగ్గరే ఆగితే ఎలా? అసలు డబ్బు వాటాలో ఉంది. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ మొత్తం ఆటకాలంలో తీసుకున్న జీతం సుమారు 9.4 కోట్ల డాలర్లు. నైకీ వాళ్లు 1984లో ఆయనతో సంతకం చేయించుకుని ఆయన పేరుతోనే బూట్లు తెచ్చారు. అమ్మిన సరుకు మీద ఆయనకు ఈ రోజుకీ వాటా వస్తుంది. 2010లో షార్లట్ బాస్కెట్‌బాల్ జట్టును కొన్నప్పుడు దాని విలువ 27.5 కోట్ల డాలర్లు. 2023లో తన వాటాలో ఎక్కువ భాగం అమ్మేటప్పుడు జట్టు విలువ 300 కోట్ల డాలర్లు. ఆడి సంపాదించింది ఇందులో ఏ మూలకు?

ఇంకో బాస్కెట్‌బాల్ ఆటగాడు మ్యాజిక్ జాన్సన్ 1979లో నైకీ షేర్లు ఇస్తామంటే వద్దని, చేతికి నగదు ఇచ్చే వేరే బూట్ల కంపెనీ వైపు వెళ్లాడు. షేర్లంటే ఏమిటో అప్పుడు తనకు తెలియదని ఆయనే చెప్పుకున్నాడు. తర్వాత ఆ పాఠం మరిచిపోలేదు. సినిమా హాళ్లు, కాఫీ దుకాణాలు, బీమా కంపెనీ, బేస్‌బాల్ జట్టులో వాటా. టెన్నిస్ ఆటగాడు ఫెదరర్ ‘ఆన్’ అనే బూట్ల కంపెనీలో 2019లో డబ్బు పెట్టాడు, రెండేళ్లకు అది న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కింది. కోహ్లీ బూట్ల కంపెనీ పూమాతో 2017లో సుమారు 110 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకున్నాడు, ఎనిమిదేళ్లకు దాన్ని వదిలి ‘అజిలిటాస్’ అనే కొత్త కంపెనీలో మదుపుదారుడిగా చేరాడు.

ముఖం అద్దెకిచ్చే కాలం పోయింది. ఆ లేఅవుట్ కంపెనీని ప్లాటు కాదు, అమ్మకాల్లో శాతం అడగండి.

పోర్టు ఆఫ్‌స్పిన్నర్
ఆదివారం ఉదయం 7:55

నాయనా, జోర్డాన్ గొప్పవాడే. కానీ ఆయన బేరం ఆడగలిగింది ఆయన లేకపోతే వాళ్ల సరుకు అమ్ముడుపోదు కాబట్టి. మూడు మ్యాచ్‌లు ఆడిన కుర్రాడు శాతం అడిగితే, కంపెనీవాళ్లు కుర్చీలోంచి లేచి ఇంకో కుర్రాడి ఇంటికి వెళతారు. ఇది కుర్రాడిని తక్కువ చేసి అంటున్నది కాదు. ఆ వయసులో నాకైతే కరపత్రం మీద ఫొటో వేస్తామన్నా చాలు, ఎగిరి గంతేసేవాణ్ని.

ఎర్రమట్టి దిబ్బలు
ఆదివారం ఉదయం 8:10

నిజమే సార్. పేరు వచ్చాకే బేరం. మన ఊరి సంగతే చూడండి. 2005 ఏప్రిల్ 5న పీఎం పాలెం స్టేడియంలో ధోనీ పాకిస్తాన్ మీద 123 బంతుల్లో 148 కొట్టాడు. అప్పటికి ఆయనకు అది ఐదో వన్డే. ఆ సాయంత్రం నేను మా నాన్న భుజం మీద కూర్చుని బయట గేటు దగ్గర ఉన్నాను, లోపలి కేక ఇప్పటికీ చెవుల్లో ఉంది. మూడేళ్లకు 2008 ఐపీఎల్ వేలంలో ఆయన ధర 15 లక్షల డాలర్లు, అందరికంటే ఎక్కువ. ఆ 148కి ముందు ధోనీతో బేరం వేరు, తర్వాత వేరు.

మన గాజువాక నుంచి నితీశ్ కుమార్ రెడ్డినీ చూశాం. హైదరాబాద్ జట్టు 20 లక్షలకు తీసుకున్న కుర్రాణ్ని 2025 సీజనుకు 6 కోట్లకు అట్టిపెట్టుకుంది. కొడుకు ఆట కోసం తండ్రి హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదిలేశారు.

గాజువాక ఆడిటర్
ఆదివారం ఉదయం 9:30

ధోనీ పేరు ఎత్తారు కాబట్టి, మేనమామ గారూ, మీ ప్రశ్నకు దగ్గర్లో ఉన్న ఉదాహరణ కూడా ఆయనదే. ఆమ్రపాలి అనే రియల్ ఎస్టేట్ సంస్థకు ఆయన ఏళ్ల తరబడి ప్రచారకర్త. ఇళ్లు పూర్తికాక, డబ్బు కట్టినవాళ్లు సామాజిక మాధ్యమాల్లో ఆయన్నే నిలదీస్తే 2016 ఏప్రిల్‌లో తప్పుకున్నారు. 2019లో సుప్రీంకోర్టు ఆ సంస్థ రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు రద్దు చేసింది. అదే ఏడాది ధోనీ కూడా కోర్టు గుమ్మం ఎక్కారు. తనకు రావలసిన సుమారు 40 కోట్ల బకాయి కోసం, రాంచీలో తాను బుక్ చేసుకున్న పెంట్‌హౌస్ మీద హక్కు కోసం. దేశపు కెప్టెన్‌కే ఇల్లు చేతికి రావడానికి కోర్టు కావలసి వచ్చింది. మన పిల్లవాడి వెనక లాయర్లు ఎవరున్నారు?

ఇక లెక్క. వ్యాపారం వాళ్లు డబ్బు బదులు వస్తువో స్థలమో ఇచ్చినా అది ఆదాయమే. ఏడాదికి 20 వేలు దాటితే, 2022 జూలై నుంచి అమలైన నిబంధన ప్రకారం 10 శాతం పన్ను ముందే కట్టి ఉండాలి. ప్లాటులో నుంచి పది శాతం కోసి ఇవ్వలేరు కదా, అందుకని ఆ సొమ్ము మీ వాడినే కట్టమంటారు. 18 లక్షలకు 1,80,000. రిజిస్ట్రేషను ఖర్చు ఎవరిదో కాగితంలో రాయకపోతే అదీ మీదే. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి ఏడున్నర శాతం, అంటే 1,35,000. మొత్తం 3,15,000. ‘ఉచితంగా’ వచ్చే ప్లాటు కోసం కుర్రాడు మూడు మ్యాచ్‌ల ఫీజు మొత్తం తెచ్చి పోయాలి, అయినా చాలదు. సంవత్సరం చివర అసలు ఆదాయపు పన్ను లెక్క వేరే ఉంటుంది, మ్యాచ్ ఫీజులతో కలిసి ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ ప్రశ్న కూడా వస్తుంది.

అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనలో నటించిన వ్యక్తి మీద కూడా 10 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. తాను చెబుతున్నది నిజమో కాదో తగినంత విచారించుకున్నానని చూపగలిగితేనే మినహాయింపు. ‘నాలుగేళ్లలో రెట్టింపు’ అని మీ వాడి నోటితో చెప్పిస్తారేమో చూసుకోండి.

దయచేసి ఒప్పందంలో ఫొటో వాడకం గురించి ఏం రాశారో ఇక్కడ పెట్టండి.

మధురవాడ మేనమామ
ఆదివారం ఉదయం 10:05

అమ్మా, చేతులెత్తి నమస్కారం. నిన్న చదివినప్పుడు కంటికి ఆనని వాక్యం ఇప్పుడు కనిపించింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘ఒప్పంద కాలం ముగిసిన తర్వాత కూడా సదరు చిత్రములను, దృశ్యములను సంస్థ తన ప్రచారమునకు వినియోగించుకొను హక్కు కలిగియుండును.’ ఇంకొకటి: ‘ఒప్పంద కాలంలో ఆటగాడు మరే ఇతర సంస్థకు ప్రచారం చేయరాదు.’ మరే ఇతర రియల్ ఎస్టేట్ సంస్థకు అని కాదు, మరే ఇతర సంస్థకు! రిజిస్ట్రేషను ఎప్పుడంటే ‘మూడవ సంవత్సరాంతమున’ అట.

గాజువాక ఆడిటర్
ఆదివారం ఉదయం 10:12

అంటే రేపు బ్యాటు కంపెనీ వచ్చినా బ్యాటు మీద స్టిక్కరు వేసుకోకూడదు. క్రికెటర్‌కు మొదట వచ్చేదే అది. మూడేళ్లు ముఖం ఇప్పుడే ఇచ్చేస్తాడు, స్థలం మూడేళ్ల తర్వాత. ఈ మధ్యలో ఆ సంస్థ ఉంటుందో ఊడుతుందో!

కుడిచేతి పేసర్
ఆదివారం మధ్యాహ్నం 12:40

నేను సంతకం చేసి దెబ్బతిన్నవాణ్ని. అందుకే రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లు నిండిన వారానికే ఒక మేనేజరు ఇంటికి వచ్చాడు. నిండకముందు చేయించిన ఒప్పందం చట్టం ముందు చెల్లదని అతనికి తెలుసు, నాకు తెలియదు. బయటి సంపాదనలో ముప్పై శాతం అతనికి, ఐదేళ్లు. మొదటి ఏడాది రెండు జతల బూట్లు, ఒక జిమ్ ప్రారంభోత్సవం. రెండో ఏడాది వెన్నెముకలో పగులు. ఎమ్మారై రిపోర్టు తీసుకుని నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఫోను చేస్తే ఎత్తలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. కానీ ఒప్పందం మాత్రం ఐదేళ్లూ బతికే ఉంది. మూడో ఏడాది ఒక పాఠశాల నన్ను శిక్షకుడిగా తీసుకుంటే, అందులో వాటా కావాలని నోటీసు పంపాడు.

ఇప్పుడు కొమ్మాది దగ్గర స్థలం లీజుకు తీసుకుని నాలుగు నెట్లు కట్టాను. ఒక బౌలింగ్ యంత్రం. అది కొన్న రోజు నాకు గుర్తుంది. రెండు చక్రాలు ఎదురెదురుగా తిరుగుతుంటే వాటి మధ్యలోకి బంతి వదలాలి. చక్రాల వేగంలో తేడా పెడితే బంతి స్వింగ్ అవుతుంది. నా వెన్ను చేయలేని పని అది రోజుకు ఆరు గంటలు చేస్తోంది. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా పిల్లలు, తర్వాత ఆఫీసుల వాళ్లు. నేను పెద్ద ఆటగాణ్ని కాలేదు. కానీ ఆట నాకు నేర్పినదాన్నే అమ్ముకుని బతుకుతున్నాను, అప్పు కూడా సగం తీరింది.

అంతర్జాతీయంగా గెలిచినవాళ్లకే ఈ దెబ్బలు తప్పలేదు. 30 కోట్ల డాలర్లకు పైగా సంపాదించిన బాక్సర్ మైక్ టైసన్ 2003లో దివాలా పిటిషన్ వేశాడు. ఉసేన్ బోల్ట్ జమైకాలోని ఒక పెట్టుబడి సంస్థలో దాచుకున్న సొమ్ములో సుమారు 1.27 కోట్ల డాలర్లు మాయమైనట్టు 2023లో బయటపడింది. పరుగులో ఆయన్ని పట్టుకోగలిగినవాడు లేడు.

షటిల్ అమ్మ
ఆదివారం మధ్యాహ్నం 2:25

ఇప్పటిదాకా అందరూ క్రికెట్ గురించే రాశారు. క్రికెట్‌లో రోజుకింత అని ఇస్తారు. మా అమ్మాయి బ్యాడ్మింటన్ ఆడుతుంది, మాకు జీతం అనేదే లేదు, ఖర్చే. ఈక షటిళ్లు డబ్బాకు పన్నెండు వస్తాయి. ఒక గట్టి స్మాష్‌తో ఈక విరిగిందంటే ఆ షటిల్ గాలిలో వణుకుతుంది, ఇక పనికిరాదు. సాయంత్రానికి కోర్టు పక్కన విరిగిన ఈకలు పోగుపడితే నా కళ్లకు అవి నోట్లలాగే కనిపిస్తాయి. ఇలాంటి ఆటల్లో ‘జీతానికి బయట’ అనేది అదనం కాదు, అదే ఆధారం.

పి.వి. సింధును చూడండి. ఫోర్బ్స్ 2018 లెక్కలో ఆమె ఏడాది ఆదాయం 85 లక్షల డాలర్లయితే, కోర్టులో గెలిచింది 5 లక్షలే. మిగిలిందంతా ప్రకటనలు. 2019లో లీ-నింగ్ అనే చైనా క్రీడా సామగ్రి కంపెనీతో నాలుగేళ్లకు సుమారు 50 కోట్ల ఒప్పందం అన్నారు. అది రియో ఒలింపిక్ రజతం తర్వాతి మాట. ఆ రజతానికి ముందు ఆమె వెనక ఉన్నవి అమ్మానాన్నలు, గోపీచంద్ అకాడమీ, పెట్రోలియం సంస్థ ఉద్యోగం. ఇప్పుడు మన ఊళ్లోనే ఆమె అకాడమీకి 2024 నవంబరులో శంకుస్థాపన చేసింది. మా అమ్మాయి ఆ రోజు వెళ్లి దూరం నుంచి చూసి వచ్చింది.

గోపీచంద్ గారు 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీ గెలిచి, శీతల పానీయం ప్రకటన వద్దన్నారు. తాను తాగనిది పిల్లలను తాగమనలేనన్నారు. తర్వాత అకాడమీకి ప్రభుత్వం స్థలం ఇస్తే, కట్టడానికి సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ గారు 5 కోట్లు ఇచ్చారు. ఆయన వద్దన్న డబ్బు పోయిందని నేను అనుకోను. పిల్లలను ఆయన చేతిలో పెట్టిన తల్లిదండ్రుల నమ్మకంలో ఆ ‘వద్దు’ కూడా ఉంది. మీ మేనల్లుడు కూడా ఎవరి ఇంట్లో కష్టార్జితాన్ని ఏ లేఅవుట్‌లో పెట్టమంటున్నాడో ఆలోచించాలి. రేపు ఆ స్థలం వివాదంలో పడితే జనం కంపెనీని గుర్తుపెట్టుకోరు, బోర్డు మీది కుర్రాణ్ని గుర్తుపెట్టుకుంటారు.

కరణం మల్లీశ్వరి గారి మాట కూడా చెప్పాలి. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట నుంచి వెళ్లి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారత మహిళ. ఆమెను నిలబెట్టింది ఆహార సంస్థ ఉద్యోగమే. పోర్టు గారి మాట ఆడపిల్లల ఆటల్లో ఇప్పటికీ నిజం.

ఎర్రమట్టి దిబ్బలు
ఆదివారం మధ్యాహ్నం 3:00

అమ్మా, మీ మాటతో నా మాట కొంత మార్చుకుంటున్నాను. అయినా వాటా సంగతి పూర్తిగా వదలను. పేసర్ అన్న నెట్లు వాటా కాకపోతే మరేమిటి? యజమాని ఆయనే. జార్జ్ ఫోర్‌మన్ అనే బాక్సర్ మొదటిసారి ఆట మానేశాక, తాను నడిపే యువకుల కేంద్రానికి డబ్బు లేక 1987లో మళ్లీ బరిలోకి దిగాడు. 45వ ఏట మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కానీ అసలు సొమ్ము మాంసం కాల్చే ఒక చిన్న వంట పరికరం నుంచి వచ్చింది. దాని మీద తన పేరు వాడుకునే హక్కును 1999లో 13.75 కోట్ల డాలర్లకు దాన్ని అమ్మే కంపెనీకే అమ్మాడు. పేరును అమ్మడం తప్పు కాదు. ఎంతకు, ఎన్నాళ్లకు, దేనికి అన్నది ముఖ్యం.

దస్తావేజు లేఖరి
ఆదివారం సాయంత్రం 5:45

నాది దస్తావేజులు రాసే పని, ముప్పై ఏళ్లుగా. ఆటల సంగతి నాకు తెలియదు, భూమి సంగతి చెబుతాను. లేఅవుట్‌కు వీఎంఆర్‌డీఏ (విశాఖ మహానగర అభివృద్ధి సంస్థ) ఆమోదం ఉందా, ఆ ఆమోదానికిచ్చే ఎల్‌పీ నంబరు ఏమిటి అడగండి. రెరా నమోదు చూడండి. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితాలో ఉందేమో చూడండి. ఆ వైపు డీ-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చినవి చాలా ఉన్నాయి, వాటిని కలిపి లేఅవుట్ వేసినవాళ్లను చూశాను. ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) తీయండి, లింకు డాక్యుమెంట్లు, అంటే పాత యజమానుల దస్తావేజులు చేతిలో పెట్టమనండి. ఇవ్వడానికి వెనకాడితే ఇక మాట్లాడే పని లేదు. బ్రోచర్ చూసి స్థలం కొన్నవాళ్లు నా బల్ల ముందు ఏడవడం చూశాను.

మధురవాడ మేనమామ
ఆదివారం రాత్రి 9:10

సాయంత్రం మీ మాటలు చదివాక అక్కనూ కుర్రాణ్నీ తీసుకుని అక్కడికి వెళ్లాను. మెయిన్ రోడ్డు నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు. ముఖద్వారం మాత్రం గుడి గోపురమంత ఎత్తు కట్టారు. లోపల తాటిచెట్లు, సున్నం రాసిన హద్దురాళ్లు. రాళ్ల మీద అంకెలు ఎర్రరంగుతో రాశారు. మాకు ఇస్తామన్న ప్లాటు వెనక వరసలో, వర్షపు నీరు పోయే గెడ్డ పక్కనే. ఆ రాయి మీద అంకె కూడా వేయలేదు. గేటు దగ్గర ఖాళీ ఇనుప చట్రం నిలబెట్టి ఉంది, మా వాడి బొమ్మ కోసమట.

కాగితాలు అడిగాను. ఎల్‌పీ నంబరు ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. ఈసీ వచ్చే వారం అన్నారు. రిజిస్ట్రేషను ఇప్పుడే చేయమంటే నవ్వారు. అక్క ఆ నవ్వు చూసింది. తిరిగి వచ్చేదాకా మాట్లాడలేదు. ఇంటికొచ్చి కాఫీ పెట్టి, ‘మన వాడి ముఖం చూసి ఎవరైనా ఆ గెడ్డ పక్కన స్థలం కొనుక్కుంటే వాళ్ల ఉసురు తగులుతుంది’ అంది. ఆమెకు ఇక నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు.

కుర్రాడు మాత్రం దిగాలుగా ఉన్నాడు. ఇల్లు కట్టిస్తానని అమ్మకు మాట ఇచ్చేశాడు వీడు. ఆ మాట పోయిందని వాడి బాధ.

కుడిచేతి పేసర్
ఆదివారం రాత్రి 9:35

తమ్ముణ్ని నా దగ్గరికి పంపండి. ఆదివారాలు పదేళ్ల లోపు పిల్లల బృందం ఉంది, ఎడమచేతి వాటం పిల్లలు నలుగురున్నారు, వాళ్లకు చూపించేవాళ్లు లేరు. గంటకు ఇంత అని లెక్క కట్టి ఇస్తాను, రాసి ఇస్తాను. మ్యాచ్‌లున్న వారాలు రానక్కర్లేదు. తన ప్రాక్టీసుకు యంత్రం రాత్రి ఎనిమిది తర్వాత వాడుకోవచ్చు, దానికి డబ్బు వద్దు.

గాజువాక ఆడిటర్
ఆదివారం రాత్రి 9:50

మేనమామ గారూ, ఆ సంస్థకు వద్దని నోటిమాటగా చెప్పకండి, రాతలో పంపండి. ఇప్పటికే తీసిన ఫొటోలేమైనా ఉంటే వాడకూడదని కూడా రాయండి. తెలుగులోనే రాయవచ్చు, ముసాయిదా నేను పంపుతాను, ఫీజు ఏమీ వద్దు. బోర్డు నుంచి వచ్చిన మ్యాచ్ ఫీజులో కోసిన పన్ను 26ఏఎస్ ఫారంలో కనిపిస్తుంది, రిటర్ను వేయకపోతే వెనక్కి రాదు. వేశారా?

మధురవాడ మేనమామ
ఆదివారం రాత్రి 9:58

వేయలేదమ్మా. వేయాలని తెలియదు.

గాజువాక ఆడిటర్
ఆదివారం రాత్రి 10:01

పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకుని బుధవారం రమ్మనండి. ఆ మూడు మ్యాచ్‌ల మీద కోసినదంతా తిరిగి వస్తుందనే అనుకుంటున్నాను.

పోర్టు ఆఫ్‌స్పిన్నర్
ఆదివారం రాత్రి 10:20

బాబూ, రైల్వేలో, కేంద్ర సంస్థల్లో ఆటగాళ్ల కోటా ఖాళీలు ఇప్పటికీ పడుతున్నాయి, మునుపటంత కాకపోయినా. చాలామంది కుర్రాళ్లు ఆటలో పడి డిగ్రీ వదిలేసి, తీరా ప్రకటన వచ్చాక కాగితాలు లేక ఆగిపోతారు. మీ వాడికి డిగ్రీ ఎంతవరకు వచ్చిందో కనుక్కోండి.

మంగళవారం ఉదయం ఆరింటికి పోర్టు స్టేడియం గేటు దగ్గర ఉంటాను. మార్కుల జాబితాలు, ఎంపికైనప్పుడు క్రికెట్ సంఘం ఇచ్చిన ఉత్తరాలు, పుట్టినతేదీ ధ్రువపత్రం, అన్నీ రెండేసి నకళ్లతో తెమ్మనండి. బ్యాటు కూడా తెమ్మనండి. ఆఫ్‌స్పిన్ ఎలా ఆడుతాడో ఒక పది బంతులు వేసి చూస్తాను.